రాత్రికి రాత్రే దిగిపోయే బ్యాటరీ: బాగ్‌బేరాలో ఒక పరిశోధన

జంషెడ్‌పూర్ చూడవచ్చినవారు సాధారణంగా ఉక్కు కర్మాగారాన్ని, జూబిలీ పార్కును చూసి తిరుగు రైలెక్కుతారు. ఆ రైలెక్కే టాటానగర్ స్టేషనును ఆనుకొనే బాగ్‌బేరా ఉన్నదని వారిలో చాలామందికి తెలియదు. కంపెనీ తీర్చిదిద్దిన వెడల్పాటి వీధులకు, చెట్ల నీడలకు ఇది వెలుపలిది, పంచాయతీల ఏలుబడిలోనిది. ఇక్కడ ఇళ్లు ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. కారు కొన్నవానికి షెడ్డు ఉండదు. బండి రాత్రంతా వీధిలోనే మంచులోనూ వానలోనూ పడి ఉంటుంది.

1912లో ఇక్కడి కొలిమి తొలి ఉక్కును పోసింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. కాలీమాటీ స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చిన తెలుగువారు ఈ ఊరిలో వేళ్లూనుకొన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి జ్ఞాపకాలను నేటికీ నిలుపుతున్నది. 1945లో ఏర్పడిన టెల్కో 1954 నుంచి లారీలు తయారుచేసింది. లారీలు పుట్టే ఊరిలోనే, తెల్లవారుజామున సెల్ఫ్ తీసుకోని కారును నలుగురు కలిసి తోయడం ఒక వింతే!

నవ్వి ఊరుకోవలసిన వింత మాత్రం కాదు. స్టేషను దగ్గర టాక్సీ నడిపి సంసారం ఈదేవానికి తెల్లవారుజాము రైలు దిగే ప్రయాణికులే ఆ రోజు జీతం. బండి కదలకపోతే కిరాయి పోయింది. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆ కారే దిక్కు. ఈ భయంతోనే ఎక్కువమంది బ్యాటరీ దుకాణానికి పరుగెత్తుతారు. కొత్తది కొనమనే సలహా దుకాణదారుకు ఎన్నడూ చేదు కాదు. అసలు దొంగ బండిలోనే దాగి ఉంటే, కొత్త బ్యాటరీ కూడ కొద్ది నెలలలో పాతదాని దారినే పడుతుంది. ఎందుకంటే సీసపు బ్యాటరీ పూర్తిగా దిగి అలాగే ఉండిపోయిన ప్రతిసారీ దాని పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి, కొంత శక్తిని శాశ్వతంగా మింగివేస్తుంది.

కనుక ముందు లెక్క వేయాలి. చిన్న కార్లలో తరచు 35 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉంటుంది. తాళం తీసివేసిన తరువాత కూడ గడియారం, రేడియో, అలారం వంటివి కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు మించకపోతే దోషం కాదు. పది గంటల రాత్రిలో పోయేది అర ఆంపియర్-గంట మాత్రమే. డిక్కీలో ఆరిపోని 5 వాట్ల బల్బు అదే రాత్రిలో నాలుగు ఆంపియర్-గంటలు లాగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి అదీ పెద్ద దెబ్బ కాదు. ఒక్క రాత్రిలోనే బండి చచ్చిపోతున్నదంటే దొంగ చాలా పెద్దవాడైనా అయి ఉండాలి, బ్యాటరీయే ముసలిదై పేరుకు 35 ఉన్నా లోపల పదే మిగిలి ఉన్నా ఉండాలి.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఖర్చు లేని ఉపాయమొకటి ఉన్నది. బ్యాటరీని బయటి చార్జరుతో పూర్తిగా నింపి, కొన్ని గంటలు ఊరకుంచి, వోల్టేజి చూడాలి, 12.6 ప్రాంతంలో ఉండాలి. ఆపైన నెగటివ్ తీగను ఊడదీసి రాత్రంతా వదిలివేయాలి. తెల్లవారేసరికి వోల్టేజి 12.2కు, ఇంకా కిందికి జారితే బ్యాటరీ తనంతట తానే దిగిపోతున్నది. నిలిచి ఉన్నా తీగ తగిలించి సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6కు దిగువకు పడిపోతే, అదీ బ్యాటరీ బలహీనతే. రెండూ జరగక బండి హాయిగా కదిలితే నేరం కారుదే.

ఇక దొంగను పట్టాలి. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, నెగటివ్ ధ్రువానికీ ఊడదీసిన తీగకూ మధ్య కలపాలి. మీటరు అలా ఉండగా పొరపాటున కూడ సెల్ఫ్ కొట్టరాదు. మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. తలుపులు మూసి, తాళాన్ని దూరంగా ఉంచి, అరగంటో నలభై నిమిషాలో ఆగాలి. నేటి కార్లలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సేపు పడుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడి, మేలుకొని ఉన్న కారును చూసి దొంగ దొరికాడని కేకవేస్తారు. అంకె అప్పటికీ పెద్దదిగానే ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయాలి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నాడు.

పట్టుబడేవారు తరచు పాత నేరస్థులే: తరువాత అమర్చిన స్టీరియో, టాక్సీ ఎక్కడున్నదో చెప్పే పరికరం, ఎడతెగని సరఫరాకు తగిలించిన సెల్‌ఫోను చార్జరు, ఆరని డిక్కీ దీపం. ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గకపోతే ఆల్టర్నేటరును అనుమానించాలి. దానిలోని డయోడు పాడైతే కరెంటు వెనుకకు కారిపోతుంది. దాని పెద్ద తీగను వేరు చేస్తే అంకె పడిపోవడమే సాక్ష్యం. ఆ తీగ ముట్టే ముందు నెగటివ్‌ను మాత్రం పూర్తిగా ఊడదీయాలి.

బాగ్‌బేరా వంటి చోట ఇంకొక కారణం కూడ కలిసివస్తుంది. ఇంటి నుంచి స్టేషనుకు పోయే దారి కొద్దిపాటిదే. సెల్ఫ్ తీసుకున్న కరెంటును ఆ కాస్త దూరంలో, దీపాలూ ఏసీ నడుస్తుండగా, ఆల్టర్నేటరు తిరిగి నింపలేదు. దొంగ లేకున్నా బ్యాటరీ రోజుకింత చొప్పున అప్పుల పాలవుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో, మూతలు తెరుచుకొనే బ్యాటరీలలో నీరు కూడ త్వరగా ఇగిరిపోతుంది. స్వేదనజలమే పోయాలి, కుళాయి నీరు కాదు. మూత తీసినచోట బీడీ ముట్టించరాదు. లోపలి నుంచి వెలువడే హైడ్రోజన్ పేలగలదు.

మరమ్మతు ముగిశాక ఇంజను నడుస్తుండగా వోల్టేజి 13.8 నుంచి 14.5 మధ్య ఉన్నదా అని చూడాలి. నెగటివ్ తీగను అన్నిటికంటె చివర బిగించాలి. గడియారాన్ని, రేడియో స్టేషన్లను మాత్రం మళ్లీ సరిచేసుకోవలసి ఉంటుంది.