కేకు మీద అచ్చు, ఫ్రిజ్‌లో పెట్టిన నేను

పోయినసారి ఎలుకల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఈసారి రాసేది వ్యవసాయం కాదు. మా అమ్మాయి చేసే కేకుల సంగతి. నవ్వేవాళ్లు నవ్వండి, పర్లేదు. కానీ చివరిదాకా చదవండి. ఇందులో నా తప్పొకటి ఉంది, అది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే నాకు మనసు కుదుటపడేటట్టు లేదు.

మా సంగతి మీలో చాలామందికి తెలుసు. పెడన దగ్గర రెండెకరాలు సొంతం, మూడు కౌలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి కోసిన పనలు కోసినట్టే నీళ్లలో నాని మొలకలొచ్చాయి. పంట పోయినా కౌలు కట్టాలి కదా, కట్టాం. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఆ తర్వాత మా అమ్మాయి నాలుగేళ్ల పిల్లాడితో ఇంటికొచ్చేసింది. ఎందుకొచ్చిందో ఇక్కడ రాయను. తెలిసినవాళ్లు హైదరాబాదులో ఉద్యోగం చూశారు. వెళ్లాలంటే పిల్లాణ్ణి మా దగ్గర వదిలి వెళ్లాలి. "వద్దు నాన్నా, వచ్చే సంక్రాంతి దాకా చూడు, ఇక్కడే కేకులు చేసుకుంటా. కుదరకపోతే అప్పుడు వెళ్తా" అంది.

ఓవెన్‌కి నేను డబ్బులివ్వలేదు. ఎరువులకే చాలట్లేదు, కేకులకి ఎక్కణ్ణుంచి తేను అన్నా. వాళ్లమ్మ నాకు చెప్పకుండా చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఇచ్చింది.

మామూలు క్రీము కేకులు బేకరీలో ఎవరైనా అమ్ముతారు. మా అమ్మాయి చేసేది పైన పంచదార ముద్ద పరిచి, దాని మీద అచ్చులు నొక్కే కేకు. ఆ ముద్దని ఫాండెంట్ అంటారు. మెత్తటి పంచదార పొడి, జెలటిన్, గ్లూకోజు పాకం, గ్లిజరిన్, కొంచెం డాల్డా వేసి చపాతీ పిండి మర్దించినట్టు మర్దిస్తారు. జెలటిన్ జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసేది కాబట్టి, మాంసం ముట్టనివాళ్లు అడిగితే దాని బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ అగర్ వేస్తుంది. ముద్దని అప్పడాల కర్రతో రెండు మూడు అప్పడాల మందాన పామి, కేకు మీద దుప్పటిలా కప్పుతుంది. కింద మాత్రం బేకరీ క్రీము ఉండకూడదట. అందులో నీళ్లుంటాయి, పంచదార ఆ నీళ్లు పీల్చి జారిపోతుంది. అందుకని చాక్లెట్ కరిగించి గట్టిగా పూత వేస్తుంది.

ఇక అచ్చు నొక్కడం. ఇక్కడే నాకు మొదటిసారి ఆ పని మీద గౌరవం కలిగింది. అదంతా పదును పనండీ. కోతకి రెండు మూడు రోజుల ముందు వరిలో మినుములు చల్లేటప్పుడు మడిలో కాలు పెట్టి చూస్తాం కదా, అడుగు పడాలి గానీ అడుగులో నీరు ఊరకూడదు. ఇదీ అంతే. ముద్ద మరీ మెత్తగా ఉంటే అచ్చుకి అంటుకుని లేచి వచ్చేస్తుంది. పరిచి కాసేపు వదిలేస్తే పైన పొర ఎండి, నొక్కగానే ఎండిన చెరువులా బీటలు తీస్తుంది. మధ్యలో ఉండేది కొద్ది నిమిషాలే. మా అమ్మాయి అంచున మిగిలిన ముక్క మీద వేలు పెట్టి చూస్తుంది. వేలి గుర్తు శుభ్రంగా పడితే ఇక ఆగదు. అచ్చుకి మొక్కజొన్న పిండి అద్దుతుంది. ఎక్కువైతే గీతల్లో తెల్లగా మిగులుతుంది, తక్కువైతే అంటుకుంటుంది. నిలువుగా దించాలి, నిలువుగానే తీయాలి. అటూ ఇటూ ఊపితే గీత రెండుగా పడుతుంది.

అచ్చులు ఆన్‌లైన్‌లో రకరకాలు దొరుకుతాయి, ఒకటి రెండు తెప్పించింది కూడా. కానీ అందరూ అడిగేది మా అమ్మ గవ్వల చెక్కతో చేసినవి. అదేనండీ, సంక్రాంతికి గవ్వలు చేసే చెక్క. రంగు ముద్దని చిన్న ఉండ చేసి చెక్క మీద బొటనవేలితో నొక్కి లాగితే చారలతో గవ్వ వస్తుంది. వాటిని కేకు అడుగున చుట్టూ పేరుస్తుంది. మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఆ చెక్క అటక మీద పడి ఉంది, పొయ్యిలో పెట్టనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నా.

పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్లున్నారు కదా. పాత అచ్చు ఇస్తామన్నారు గానీ, పటిక, రంగులు తాగిన చెక్క తినే వస్తువు మీద పెట్టనంది. కొత్త టేకు చెక్క మీద మామిడి పిందె చెక్కించింది. గుడ్డ అచ్చులాగా గీత సన్నగా, పదునుగా ఉంటే పంచదార తెగిపోతుంది, కొంచెం మొద్దుగా చెక్కమని చెప్పి చేయించింది. తొమ్మిది వందలు అయింది. అప్పుడు కూడా నేను సణిగాను.

శ్రావణంలో బందరు నుంచి సీమంతం కేకు ఒకటి వచ్చింది. రెండు కిలోలు, 4,500 రూపాయలు. అంత పెద్దది అదే మొదలు. సీమంతం అమ్మాయి కలంకారీ చీర అంచు చూసి అదే పిందె చుట్టూ రావాలన్నారు. రాత్రి పదకొండింటికి పూర్తి చేసి, ఫ్యాను కింద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పడుకుంది.

రెండింటికి నాకు మెలకువ వచ్చింది. ఉక్కపోత. చాక్లెట్ కరుగుతుందేమో, చీమలు పడతాయేమో అని ఫ్రిజ్ అర తీసేసి కేకు లోపల పెట్టా. మంచి పని చేశాననుకుని పడుకున్నా.

పొద్దున్న ఆరింటికి బయటికి తీసింది. చల్లటి చెంబు మీద పట్టినట్టు కేకు అంతా చెమట పట్టింది. పంచదారకి నీళ్లు తగిలితే ఏమవుతుందో చెప్పాలా? పిందెల గీతలు పూడిపోయాయి, ఆకుపచ్చ రంగు కిందికి కారింది. అది నన్ను తిట్టలేదు. "ఎందుకు పెట్టావు నాన్నా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. హైదరాబాదు వెళ్లమని నేనే తోసినట్టు అనిపించింది.

పదకొండింటికి బందరులో ఉండాలి. కాసేపు కూర్చుని లేచింది. పై పొర వలిచేసి, కింద చాక్లెట్ పూతని మళ్లీ సరిచేసింది. ముద్ద కొత్తగా కలపాలి, దాని చేతులు వణుకుతున్నాయి. నేను కలుపుతా అన్నా. చేతులు కడుక్కుని మర్దించడం మొదలుపెట్టా. కాసేపటికి చూసి "నాన్నా, నీ చేతి బీటలు పడుతున్నాయి" అంది. నిజమే, నా అరచేతి పగుళ్లన్నీ ఆ తెల్లటి ముద్ద మీద అచ్చు పడ్డాయి. దానికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాకు ప్లాస్టిక్ చేతితొడుగులు ఇచ్చింది.

ఒకచోట పిందె వంకరగా పడింది. అక్కడ రెండు గవ్వలు ఎక్కువ పెట్టి కప్పేసింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాం. అరగంట ఆలస్యం అయిందని వాళ్లు 500 తగ్గించి ఇచ్చారు. ఆ 500 నేను ఇస్తానంటే తీసుకోలేదు.

పోయిన వారం హైదరాబాదు వాళ్లు మళ్లీ ఫోన్ చేశారు. అమ్మాయిని అడిగి చెప్తా అన్నా. ఇంకా అడగలేదు. కమ్మలు తాకట్టులోనే ఉన్నాయి, ఈసారి ధాన్యం డబ్బు పడగానే ముందు అవి విడిపించాలి.

ఆదివారం గుడివాడలో పుట్టినరోజు కేకు ఉంది, కిలోన్నర. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించింది: "నాన్న ముట్టుకోకూడదు." కింద మనవడు కూడా ఏదో గీత గీశాడు, వాడి సంతకం అట.