యాభై హెర్ట్జుల రొద

విజయవాడనుండి ఏలూరునకు పోవు జాతీయ రహదారిమీద, నూజివీడు త్రోవయు గుడివాడ త్రోవయు చెరియొక దిక్కునకు చీలుచోట, ఆంజనేయస్వామి ఆలయముచేత పేరు పడసిన కూడలి హనుమాన్ జంక్షన్. అచ్చట మైకుసెట్లు బాగుచేయు చిన్న కొట్టొకటి యున్నదనియు, అందలి మేస్త్రి బేస్ గిటారునకు వలయు పెడల్ పెట్టెలను స్వహస్తములతో కూర్చుననియు విని, చూడబోయితిని. వీణలకు ప్రసిద్ధి కెక్కిన నూజివీటికి పోవు కూడలిలో ఈ క్రొత్త వాద్యపరికరముల పనియు సాగుచుండుట నాకు ముచ్చట గొలిపెను.

పనిబల్లపై రంధ్రములు తొలచిన అల్యూమినియం పెట్టె యొకటి బోర్లపడియుండెను. చర్చిలో బేస్ వాయించు కుర్రవాడొకడు దానికై కాచుకొని కూర్చుండెను. ఇంట చక్కగా పలుకు తన వాద్యము కూటములలో మైకుసెట్టుకు కలిపినంతనే ‘గుయ్యి’మని మ్రోగునట.

“హమ్ముని ఈక్వలైజర్‌తో కోసెయ్యమంటారండీ అందరూ. దాంతోపాటు స్వరం కూడా పోద్ది కదండీ!” అనెను మేస్త్రి.

ఆ మాటయందలి సత్యము విచారింపదగినది. మన దేశపు కరెంటు సెకనునకు 50 ఆవృత్తులు గలది; హమ్మను ఆ రొద పుట్టునది దానినుండియే. బేస్ గిటారు లావుతీగపై మూడవ మెట్టున పలుకు స్వరము 49 హెర్ట్జులది. రొదకు రెట్టింపు 100, ఆ స్వరమునకు పైస్థాయి 98. ఇట్లు రొదయు రాగమును ఒకేచోట కాపురముండగా, ఒకదానిని వడగట్టి రెండవదానిని నిలుపుట యెట్లు? కరెంటు 60 హెర్ట్జులదైన అమెరికాలో ఈ పీడ మరియొక స్వరము దాపున పడునే కాని తొలగదు. కావున రొద పుట్టకుండ చూచుటయే గతి. ఆ చూచుట యంతయు గ్రౌండు తీగలయందును, వాద్యపు తీగను గ్రుచ్చు పి-38 సాకెట్టులయందును ఉన్నది.

లోహపు సాకెట్టును బిగించినచో, దాని మరయే పెట్టెను గ్రౌండునకు కలుపును. ప్లాస్టిక్ సాకెట్టు కలుపదు. మేస్త్రి గిటారు వచ్చు రంధ్రమునకును, ఆంప్లిఫయరునకు పోవు రంధ్రమునకును లోహపువే తీసికొని, రంధ్రముచుట్టు లోపలి రంగును బ్లేడుతో తెల్లలోహము కనబడువరకు గీకి, పండ్ల వాషరు వేసి బిగించెను. అంతటితో తృప్తినొందక, రెండింటిని వేరొక నల్లతీగతో కలిపి టంకము పెట్టెను: కాలితో త్రొక్కుడుబడు పెట్టెలో మర వదులగుట సహజము గనుక, పెట్టెనే తీగగా నమ్మరాదట. కరెంటు అడాప్టరు సాకెట్టు మాత్రము ప్లాస్టిక్కుదే కావలెను. పెడళ్ళలో నడిమి సూదికి నెగెటివు, వెలుపలి తొడుగునకు పాజిటివు ఇచ్చుట వాడుక యగుటచే, అచ్చట లోహమున్నచో పెట్టె తగిలినంతనే షార్టగును.

నేను మిక్కిలి మెచ్చినది మూడవ సాకెట్టు. అది మైకుసెట్టు మిక్సరునకు పోవునది.

“రెండు కాలవల నీటిమట్టం ఒకటి కాదనుకోండి, మధ్యన తూము పెడితే నీళ్ళు ఊరుకుంటాయా మాస్టారూ? ఆంప్లిఫయర్ ఎర్తు ఒకటి, మిక్సర్ ఎర్తు ఒకటి. మన పెట్టె మధ్యలో తూమైపోద్దండి.”

రొదకు మూలమైన ఆ తూమును మూయుటకై అతడు లోపల ఒకటికి ఒకటి చుట్ల చిన్న ట్రాన్స్‌ఫార్మరు నొకదానిని అమర్చెను; స్వరము అయస్కాంతబలమున దాటునే కాని తీగలు కలియవు. ఇచ్చట లోహపు సాకెట్టు పెట్టినచో, ఆ రెండు గ్రౌండులు పెట్టెద్వారా మరల కలిసి, ట్రాన్స్‌ఫార్మరు దండుగయగును. ప్లాస్టిక్ సాకెట్టు చౌకబారుదని ఈసడించు వారికి ఈ సూక్ష్మము తెలియదు. విరిగినచో మార్చుకొనవలసినదే, నిజము. కాని యిచ్చట దానికి సాటి లేదు.

కుర్రవాని పాత పెట్టెలో మరియొక లోపము బయటపడెను. వెలుపలికి పోవు దారిలోని కెపాసిటరు 0.1 మైక్రోఫారడ్. పది లక్షల ఓముల ఆంప్లిఫయరునకు అది చాలును. పదివేల ఓముల మిక్సరునకు తగిలించినచో 159 హెర్ట్జులకు క్రిందిదెల్ల నీరసించును. 41 హెర్ట్జుల లావుతీగ పలుకు ఇక వినబడుటెట్లు? మేస్త్రి క్రొత్తపెట్టెలో 10 మైక్రోఫారడ్లది వేసెను.

పెట్టె మూసి రెండు యంత్రములకును కలిపి వాయించినపుడు రొద లేదు. “మరి హాల్లో వాళ్ళు ప్లగ్గుకి మూడో పిన్ను తీసేస్తారు బాబాయ్, హమ్ము పోద్దని,” అనెను కుర్రవాడు. మేస్త్రి ముఖము మాడినది. ఆ పిన్ను ఎర్తుది; అట్లు రొద పోవుట నిజమే. దానితోపాటు ప్రాణరక్షయు పోవును. స్కాట్లండు గిటారు వాద్యకారుడు లెస్ హార్వీ 1972 మే 3న వేల్సులోని స్వాన్సీ వేదికపై ఎర్తు లేని మైకును తాకి మరణించెను. వేదిక యెక్కు వాద్యకారులారా, మూడవ పిన్ను తీసిన ప్లగ్గు కనబడినచో మార్పించిన పిమ్మటనే తీగ మీటుడు.