మా నాలుగు పాత కంప్యూటర్లు

మా కాలేజీ హాస్టల్ స్టడీ హాల్లో నాలుగు కంప్యూటర్లు ఉండేవి. తమకు పాతబడ్డాయని ఒక ఆఫీసు వాళ్ళు 2019లో ఇచ్చినవి. 2012 నాటి మూడో తరం ఐ3 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. స్విచ్ వేసి, టిఫిన్ లైన్లో నిలబడి తినొచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 కావాలి, ప్రాసెసర్ వాళ్ళ జాబితాలో ఉండాలి. మావి లేవు. ఇక స్క్రాప్‌కి రాసేద్దామన్నారు.

మేము వద్దన్నాము. మాలో ఎవరికీ సొంత కంప్యూటర్ లేదు. ఈ-పాస్ రెన్యూవల్ అయినా, దోస్త్ వెబ్ ఆప్షన్లు అయినా నెట్ సెంటర్‌కే పోవాలి. మా సీనియర్ ఒకన్న కాగితం మీద వరుసగా రాసిచ్చిన ఆప్షన్లను అక్కడి అతను హడావిడిలో తారుమారుగా కొట్టాడు. దగ్గరి కాలేజీ పోయి, ఎక్కడో దూరంలో సీటొచ్చింది. అన్న చేరలేదు, ఏడాది కూలికి పోయాడు.

వార్డెన్ సార్ ఒప్పుకున్నాక ఒక ఆదివారం డబ్బాలు విప్పాము. ఒకదానిలో బల్లి గుడ్లు! బ్రష్షుతో దుమ్ము దులిపి, ర్యామ్ పళ్ళను పెన్సిల్ రబ్బరుతో తుడిచాము. ప్రాసెసర్ మీది పేస్టు ఎండి సున్నంలా రాలింది, కొత్తది పూశాము.

అసలు మందు ఎస్ఎస్‌డీ. హార్డ్ డిస్కులో రేకులు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంటే హెడ్ అటూ ఇటూ జరిగి వెతకాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అడగ్గానే ఇస్తుంది. పాత డిస్కును ఫైళ్ళు దాచుకోవడానికి పక్కనే ఉంచాము. ర్యామ్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 దిగదు, గాడి వేరేచోట ఉంటుంది. హైదరాబాద్‌లో పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థి అన్న సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌వి చూసి తెచ్చాడు. ఒక్కో మెషీన్‌కి రెండు వేల లోపే అయింది. సగం అన్న పెట్టుకున్నాడు, సగం మా కాస్మెటిక్ చార్జీల్లోంచి పోగుచేశాము. ఆ నెల సబ్బులు సగం సగం కోసుకున్నాము లెండి.

మూడో మెషీన్ కథ వేరు. మదర్‌బోర్డు పోయిందని ఒక మెకానిక్ ఎప్పుడో చెప్పి వెళ్ళాడు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2012కి పోయేది, స్కాలర్‌షిప్ సైటు తెరుచుకునేది కాదు. సురక్షిత సైట్ల సర్టిఫికెట్ గడువును బ్రౌజర్ మన మెషీన్ తేదీతో పోల్చి చూస్తుంది, తేదీ తప్పితే ఆపేస్తుంది. రూపాయి బిళ్ళంత సీఆర్2032 బ్యాటరీ మార్చాము. అంతే, లేచి కూర్చుంది!

విండోస్ 11ను దొడ్డిదారిన ఎక్కించే ఉపాయాలున్నాయి కానీ, అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. అందుకని లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాము. పైసా ఖర్చు లేదు, నిమిషం లోపే తెరుచుకుంటుంది. అను ఫాంట్ల సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదు. ఈ సంచిక వ్యాసాలన్నీ యూనికోడ్‌లో కొట్టి ఇచ్చాము, ప్రెస్ వాళ్ళు కొంచెం విసుక్కుని మార్చుకున్నారు.

ఈసారి ఇంటర్ తమ్ముళ్ళు దోస్త్ ఆప్షన్లు ఇక్కడే కూర్చుని, ఒకటికి రెండుసార్లు చదువుకుని పెట్టుకోవచ్చు. నాలుగోది బతకలేదు, బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. దాని ర్యామ్, ఫ్యాను, కేబుళ్ళు విప్పి అట్టపెట్టెలో పెట్టాము. పెట్టె స్టోర్ రూమ్ పై అరలో ఉంది, తాళం ట్యూటర్ సార్ దగ్గర అడగండి.