గ్రుడ్డు కొఱకు నిరీక్షణ

గత జూన్ మాసాంతమున మా దొడ్డిలో పొదిగిన పిల్లలలో గద్దకును ముంగిసకును పోగా మిగిలినవి నాలుగు పెట్టలు. అందు రెండు డేగలు, ఒకటి పింగళ, ఒకటి కాకి. గ్రుడ్డు 21 దినములలో పిల్ల యగునని తరగతిలో చెప్పుచుందుము గాని, ఆ పిల్ల తిరిగి గ్రుడ్డు పెట్టుటకు ఎంతకాలము పట్టునో ఇంటనే నేర్చుకొనవలసి వచ్చినది. కోళ్లఫారములలోని తెల్ల లెగ్‌హారన్ పెట్ట సుమారు 20 వారములకే పెట్టనారంభించును. నాటుపెట్టకు ఆఱు మాసములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును.

డిసెంబరు వచ్చునప్పటికి జొన్నలడబ్బా అడుగంటినది. పెట్టలకై గడ్డిపరచి యుంచిన గంప మాత్రము వట్టిదై యుండెను. క్రిస్మసుకు మా అప్పగారి కుటుంబము వచ్చుచున్నదని కబురు వచ్చినది. మా తల్లిగారు కాకిపెట్టను చూపి, "గింజలు మింగుటే గాని ఇది గ్రుడ్డెఱుగదు. పండుగకు దీనినే కోయండి" అనిరి. కాకిపెట్ట మా చిన్న కుమార్తె చేతిలో నూకలు తిని పెరిగినది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నము ముట్టలేదు.

తల్లిగారి మాటకు ఎదురాడుట మా యింట అలవాటు లేదు. బిడ్డ ముఖము చూచి ఊరకుండుటయు కష్టమయ్యెను. కావున మఱునాడు పెట్టలనన్నిటిని పట్టి పరీక్షించితిమి. పెట్టుటకు సిద్ధమైన పెట్ట తురాయి ఎఱ్ఱబడును; వీపుపై చేయి వేసినచో రెక్కలు కొంచెము విప్పి చతికిలబడును; తోకక్రింది రెండెముకల నడుమ రెండు మూడు వ్రేళ్లు పట్టును. డేగలు రెండును ఈ పరీక్షలో నెగ్గినవి. పింగళ సంగతి సందేహము. కాకిపెట్ట తురాయి పాలిపోయి యుండెను. ఎముకల నడుమ వ్రేలొక్కటే ఇమిడెను. మా పరీక్ష తల్లిగారి పక్షమునకే బలమిచ్చినది!

అయినను చెప్పవలసినది చెప్పితిమి. పెట్టను గ్రుడ్డునకు పురికొల్పునది వెలుతురు. ఆ వెలుతురును కోడి కన్నులతోనే గాక పుఱ్ఱెగుండ కూడ గ్రహించునట. డిసెంబరులో మన ప్రాంతమున పగలు సుమారు 11 గంటలే. అందుచేతనే ఫారములవారు దీపములు పెట్టి 16 గంటల వెలుతురు కల్పింతురు. అదియుగాక, తొలి గ్రుడ్డునకు దాదాపు రెండు వారములు ముందుగనే పెట్ట తన యెముకల లోపల సున్నము కూడబెట్టుకొనును. పెంకు తయారగునప్పుడు మేతలోని సున్నము చాలకున్న ఆ నిలువనుండి తీసికొనును. ఒక్క గ్రుడ్డు లోపల తయారగుటకు 25 గంటలు పట్టగా, అందు 20 గంటలు పెంకు కొఱకే. వట్టి గంపను చూచి పెట్ట ఊరకున్నదనుట న్యాయము కాదు.

తల్లిగారు బదులు పలుకలేదు. తెల్లవారుసరికి నత్తగుల్లలు రోటిలో దంచి పెట్టలముందు చల్లుచుండిరి. పండుగకు మాంసము బజారునుండి వచ్చినది.

జనవరి 9వ తేదీ ఉదయము పెద్ద డేగ తొలి గ్రుడ్డు పెట్టెను. నిమ్మకాయకన్న కొంచెము పెద్దది. పెంకుపై నెత్తుటిచార యొకటి. తొలి గ్రుడ్లకు అది సహజమే. తల్లిగారు దానిని ఉడికించి, దారముతో కోసి పిల్లలకు పంచిరి. వారము తిరుగకముందే రెండవ డేగయు, ఆ నెలాఖరునకు పింగళయు పెట్టినవి.

ఇది వ్రాయునాటికి ఫిబ్రవరి సగము గడచినది. కాకిపెట్ట యింకను పెట్టలేదు. తురాయి ఎఱ్ఱబడినదని మా కుమార్తె వాదించుచున్నది. అది ప్రొద్దుటి యెండ చాయ యని మా తల్లిగారు. నత్తగుల్లలు మాత్రము తప్పక దంచుచున్నారు.