కాళ్లు మండుతున్నాయంటే నమ్మండి

మా వైపు ఊళ్లలో వెన్నుపూస దెబ్బ అంటే కొత్త మాటేం కాదు. భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తే తాటిచెట్లు, ఇంకా లోపలికెళ్తే అడవిలో జీలుగు చెట్లు. ఎక్కేవాళ్లున్నప్పుడు పడేవాళ్లూ ఉంటారు. పడితే ముందు భద్రాచలం, తర్వాత ఖమ్మం, ఇంకా సీరియస్ అయితే హైదరాబాద్. ఆపరేషన్ అయ్యాక "కాళ్లు పోయినా ప్రాణం దక్కింది" అనుకుంటూ ఇంటికి తెచ్చుకుంటారు. అసలు కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది.

మా మేనమామ చెట్టు మీద నుంచి పడి నాలుగేళ్లయింది. ఛాతీ కింది నుంచి కదలిక లేదు, స్పర్శ లేదు. కానీ రాత్రయితే చాలు, "కాళ్లు మండుతున్నయే, నిప్పుల్లో పెట్టినట్టుంది" అని అరుస్తాడు. అత్త మొదట్లో తడిగుడ్డ కప్పేది. తర్వాత ఆమెకీ ఓపిక అయిపోయింది. "గిల్లితే తెల్వదంటివి, మరి మంట ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారు. ఒకాయనైతే మొహం మీదే "నాటకాలు" అనేశాడు. ఆ రోజు మామయ్య అన్నం ముట్టలేదు.

అత్త అడిగింది మంచి ప్రశ్నే. నేను డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ వాణ్ని. మా దగ్గర కేబుల్ తెగితే సర్వర్‌కి ఏమీ కాదు. మెదడు అలా కాదు. సిగ్నల్ రావడం ఆగిపోతే అదే మారిపోతుంది.

దెబ్బ ఎక్కడ తగిలినా నొప్పి తెలిసేది మెదడులోనే. అక్కడ ఒళ్లంతటికీ ఒక మ్యాప్ ఉంటుంది. కాలికి కొంత జాగా, చేతికి కొంత, మొహానికి కొంత. కాళ్ల నుంచి కబుర్లు ఆగిపోతే ఆ జాగా ఊరికే ఉండదు. బీడుపడ్డ చెలకని పక్క చేనువాళ్లు కొంచెం కొంచెంగా దున్నుకున్నట్టు, పక్క భాగాలు అందులోకి జరుగుతాయి. దెబ్బ తగిలిన చోట నరాల కణాలు కూడా వాటంతటవే సిగ్నల్స్ పంపడం మొదలుపెడతాయి. మెదడు వాటిని కాలి మంట అనుకుంటుంది. డాక్టర్లు దీన్ని న్యూరోపతిక్ పెయిన్ అంటారు. అంటే గిల్లితే తెలియకపోవడమూ నిజమే, మంటా నిజమే.

అత్తకి ఈ చెలక సంగతే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే మీ మామ అబద్ధమాడట్లేదన్నమాట" అంది.

మంటొక్కటే కాదు. మామయ్యకి కోపం పెరిగింది, లెక్కలు మధ్యలో మర్చిపోతున్నాడు. 2014లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ సైంటిస్టులు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, వెన్నుపాముకి మాత్రమే దెబ్బ తగిలినా మెదడులో ఇన్‌ఫ్లమేషన్ కనిపించింది. జ్ఞాపకశక్తి తగ్గింది, డిప్రెషన్ లాంటి లక్షణాలొచ్చాయి. మనుషుల్లో ఇంకొన్ని కారణాలు తోడవుతాయి. పడినప్పుడు తలకీ తగిలి ఉండొచ్చు, బీపీ పడిపోవచ్చు, నిద్ర ఉండకపోవచ్చు, మందులు మత్తుగా ఉండొచ్చు.

అందుకే ఇవన్నీ డాక్టర్‌కి చెప్పాలి. మామూలు పెయిన్ కిల్లర్లు ఈ మంటకి పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటి వేరే మందులుంటాయి, డాక్టర్ రాస్తేనే వాడాలి. మామయ్యకి మంట పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు రాత్రిళ్లు కాస్త నిద్రపోతున్నాడు.

ఇంకొక్క విషయం, ఇది ప్రాణాల మీదకొచ్చేది. మెడకో, ఛాతీ పైభాగంలో వెన్నుకో దెబ్బ తగిలినవాళ్లకి ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు వస్తే వెంటనే లేపి కూర్చోబెట్టండి. బిగుతు బట్టలు వదులు చేయండి. యూరిన్ పైపు మడతపడిందేమో చూడండి. చాలాసార్లు నిండిన మూత్రాశయమే కారణం. బీపీ ఒక్కసారిగా పెరిగి మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఊళ్లో చెట్టెక్కేవాళ్లకి అందాయా, వాడుతున్నారా అని అడగండి. ఇప్పటికే పడి మంచాన ఉన్నవాళ్లుంటే ఒకసారి వెళ్లి పలకరించండి. కాళ్లు మండుతున్నాయంటే మాత్రం "ఎట్ల మండుతయ్?" అనకండి. "ఎప్పటినుంచి?" అని అడగండి.