గరివిడిలో ముప్ఫై రోజులు

ఈ సంచికకి ఏదైనా రాయమని సంపాదక మిత్రుడు నెల రోజులుగా వెంటపడుతున్నాడు. కవిత్వం నాకు రాదు. కథలంటే భయం. అందుచేత ఎం.ఎస్.డబ్ల్యూ. మొదటి ఏడు పరీక్షలయ్యాక, వేసవిలో క్షేత్రకార్యం పేరుతో గరివిడిలో నేను చేసిన నిర్వాకం రాస్తున్నాను. తిట్టుకున్నా సరే, చివరిదాకా చదవండి.

విశాఖలో పాసింజరెక్కి విజయనగరం, నెల్లిమర్ల, గుర్ల దాటితే గరివిడి. ఈ చుట్టుపక్కల నేల కింద మాంగనీసు ఉంది. మన దేశంలో దాని తవ్వకం 1892లో ఇక్కడి కోడూరులోనే మొదలైందనీ, ఆ ఊరి పేరుతో ‘కోడురైట్’ అనే రాయి కూడా ఉందనీ, భూగర్భశాస్త్రం చదివే నా రూమ్మేటు చెప్పి మరీ పంపాడు. 1950ల్లో ఇక్కడ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం కూడా పెట్టారు. ఇన్ని ఉన్న చోట కుర్రాళ్ళకి పనికేం కొదవ అనుకుంటూ రైలు దిగాను. పది రోజులు తిరిగాక తెలిసింది, సగం ఇళ్ళలో పెద్ద కొడుకు చెన్నైలోనో హైదరాబాదులోనో స్లాబులు పోస్తున్నాడని.

నాకు అప్పగించింది పద్దెనిమిదికీ పాతికకీ మధ్య వయసు వాళ్ళు ఇరవై రెండు మంది. చేతిలో ఎనిమిది పేజీల ప్రశ్నావళి. అందులో ఒక ప్రశ్న: ‘మీరు ఖాళీ సమయంలో ఏం చేస్తారు?’ చెన్నై నుంచి నడుం పట్టేసి తిరిగొచ్చిన ఒక కుర్రాడిని అడిగాను.

“ఖాళీ అంటే పనున్నోడికి గదా సారూ. మాకున్నదంతా అదే” అన్నాడు.

ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టేశాను. తరవాత సాయంత్రాలు బడి వరండాలో కూర్చునేవాళ్ళం. చేసినవన్నీ చిన్న పనులే. ఇంటరు తప్పినవాళ్ళకి సప్లిమెంటరీ ఫీజు సంగతి చెప్పడం, దరఖాస్తులు నింపడం, కుల ధ్రువీకరణ కోసం సచివాలయానికి వెంట వెళ్ళడం. ఒకడికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పదో తరగతి మెమోలో వెనక. ఆ ఒక్క ఇంటిపేరు చుట్టూ ఆరు రోజులు తిరిగాం. సంఘసేవ అంటే ఉపన్యాసాలనుకునే మిత్రులు ఒకసారి ఆ వరసలో నిలబడాలి.

ఇక అసలు సంగతి. ఆ ఇరవై రెండు మందిలో పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకర్తె. ఇంటరు మంచి మార్కులతో పాసై, ఏడాదిగా ఇంట్లోనే ఉంది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో ఉంటుంది. ఒకనాడు అందరూ వెళ్ళాక ఆగి, తనకి సంబంధం చూస్తున్నారనీ, డిగ్రీ చదవాలనుందనీ చెప్పింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో దూరవిద్య 1972 నుంచీ ఉంది, ఇంట్లో ఉండే చదవచ్చు అన్నాను. “ఎవరితోటీ అనకండి సార్” అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే నేను వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాను!

బీస్టెక్ అనే ఆయన 1957లో రాసిన పుస్తకం మాకు పాఠం. ఎదుటివారి గుట్టు కాపాడడం, వారి నిర్ణయం వారికే వదలడం అందులోని ఏడు సూత్రాల్లో రెండు. పరీక్షలో రెండూ ఉదాహరణలతో సహా రాశాను. తాపీపని చేసే ఆ పెద్దమనిషి ఎదుట మాత్రం చదువు గొప్పతనం గురించి అరగంట మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. బీడీ ఆర్పి, “మా పిల్ల మనసులో ఏటుందో మీకు తెలిసింది. మాకే తెలీలేదు” అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి అమ్మాయి రాలేదు. నాలుగు రోజుల తరవాత బోరింగు దగ్గర కనపడింది. బిందె దించకుండానే అంది: “మా అమ్మమ్మ చేత అడిగిద్దామనుకున్నాను సార్. ఆవిడ మాటంటే నాన్న వింటాడు. మీరు బేగి పడిపోనారు.”

నాకు మాట రాలేదు. మంచి చేస్తున్నాననే తొందరలో, ఆమె పోగేసుకుంటున్న కాస్త ధైర్యాన్నీ నేను ఖర్చు పెట్టేశాను. రాత్రి నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాను. దాని పక్కన మా మేష్టారు ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: ‘నిన్ను ఎవరడిగారు?’

మిగిలిన రోజుల్లో ఆ వీధివైపు వెళ్ళలేదు. వెళ్ళకపోవడం వివేకమో పిరికితనమో ఇప్పటికీ చెప్పలేను. ఆ ఇంటి సంగతి తక్కిన వాళ్ళనీ అడగలేదు.

ఆఖరి రోజు స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఉంటే, ఆ అమ్మాయి తమ్ముడు సైకిలేసుకుని వచ్చాడు. పదేళ్ళుంటాయి. తాటిముంజల సంచి నా పక్కన పెట్టి, “అమ్మమ్మ ఇమ్మంది” అన్నాడు. కాస్త ఆగి, “ఆ కాలేజీకి ఆఖరు తేదీ ఎప్పుడో అక్క కనుక్కోమంది” అన్నాడు.

నా దగ్గర పెన్ను ఉంది గాని, కాగితాలన్నీ పెట్టె అడుగున ఉన్నాయి. రైలు సిగ్నలు పడింది. వాడు అరచెయ్యి చాపాడు. తేదీ రాసి, చెమటకి చెరిగిపోతుందేమోనని మళ్ళీ ఒకసారి దిద్దాను.