పడవ అడుగు చెక్క

అమెరికాలో మిన్నెసోటాను 10,000 సరస్సుల సీమ అంటారు. అక్కడున్న మా అబ్బాయి పాత అల్యూమినియం చేపల పడవొకటి కొన్నాడు. లోపలి తివాచీ చూసి కోడలు మురిసింది. తీరా ఎత్తి చూద్దుము గదా, పైన పటారం, లోన లొటారం! అడుగున ప్లైవుడ్ పిండైపోయింది. పడవను తేల్చవలసిన ఫోమ్ దిమ్మలు నీళ్లు పీల్చి బరువెక్కాయి.

"మందు పట్టించిన చెక్క చవక, నాన్నా!" అన్నాడు వాడు.

కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకుంటానా? ఆ మందుల్లో సాధారణంగా రాగి ఉంటుంది. తడి తగిలితే అది అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకని మెరైన్ ప్లైవుడ్ కోయించి, అంచులకూ రంధ్రాలకూ కూడా ఎపాక్సీ పూసి, దిమ్మలు మార్చి, అల్యూమినియం రివెట్లతోనే బిగించాం. తివాచీ మాత్రం పరవనివ్వలేదు.

"బోసిగా ఉంది, మామయ్యగారూ!" అంది కోడలు.

"పిల్లలెక్కే పడవమ్మా! అడుగు తడిసినా, కుళ్లినా కంటికి కనబడాలి," అన్నాను.